రెండు ఈలల కుక్క

లోర్నా కినేన్ ఇరవయ్యారేళ్ళపాటు బారింగల్ ప్రాథమిక పాఠశాల ముందు పిల్లల్ని రోడ్డు దాటించింది. పొద్దున ముప్పావుగంట, మధ్యాహ్నం ముప్పావుగంట. ఒంటి మీద కళ్ళు జిగేలుమనిపించే పసుపు కోటు, చేతిలో ‘ఆగు’ అని రాసిన గుండ్రటి పలక, మెడలో ఈల. ఆమె పలక ఎత్తిందంటే గొర్రెల లారీవాడైనా, పాల ట్యాంకరువాడైనా, ఆఖరికి ఊరి పోలీసైనా బ్రేకు తొక్కాల్సిందే. ఆ ఊళ్ళో నలభై లోపు వాళ్ళంతా ఏదో ఒకనాడు ఆమె చేత చీవాట్లు తిన్నవాళ్ళే. డెబ్భయ్యో ఏట కుడి మోకాలు మొరాయించాక పలక దించేసింది కానీ నోరు దించలేదు.

పని మానేశాక ఊరికే కూర్చోలేక, దిక్కులేని కుక్కలను ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. సొంతానికి కాదు. పెంచుకునేవాళ్ళు దొరికేదాకా తిండి పెట్టి, నీడ ఇచ్చి, కాస్త మర్యాద నేర్పి పంపడం. మూడేళ్ళలో పంతొమ్మిది కుక్కలు వచ్చాయి, వెళ్ళాయి. అన్నీ ముసలివి, చిన్నవి, ఒళ్ళో పట్టేవి. ఇరవయ్యోది వచ్చినరోజున గుమ్మం ఇరుకైంది.

“ఇదేంటే, కుక్కను తెస్తానని గుర్రాన్ని పట్టుకొచ్చావ్?” అంది లోర్నా, తలుపుకు అడ్డంగా నిలబడి.

గ్లెనిస్ ఆ జిల్లాలో కుక్కలకు ఇళ్ళు వెదికిపెట్టే బృందానికి పెద్దదిక్కు. పశువుల డాక్టరు దగ్గర గుమాస్తాగా పనిచేస్తూ, మిగిలిన పొద్దంతా జనాన్ని బతిమాలుకుంటూ తిరుగుతుంది. ఆవేళ బతిమాలడానికి కూడా ఆమెకు ఊపిరి ఆడటంలేదు. తాడు రెండు చేతులకూ చుట్టుకుని, వెనక్కి వాలి, మడమలు నేలకు తన్నిపెట్టి నిలబడి ఉంది.

“పేరు బటన్. రొమ్ము మీద గుండీలా తెల్లమచ్చ ఉంది చూడు, అందుకని. పద్నాలుగు నెలలే. పసివాడు పాపం.”

“పసివాడు నా వంటింట్లో పడతాడా అని చూస్తున్నా.”

“రెండు వారాలే లోర్నా. ఒట్టు.”

“పోయినసారీ రెండు వారాలే అన్నావు. ఆ గుడ్డి టెర్రియర్ కుక్క నా ఇంట్లో క్రిస్మస్ చేసుకుని, ఈస్టర్ కూడా చేసుకుని పోయింది.”

బటన్ నలభై ఎనిమిది కిలోలు. భారీ జాతుల్లో మాస్టిఫ్ ఒక పాలు, గ్రేట్ డేన్ ఒక పాలు, మిగతా పాళ్ళు ఎవరివో దేవుడికే తెలియాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో షెడ్డులో గొలుసుతో కట్టి ఉంచారు, ఒక్క మాట నేర్పలేదు. ఇప్పటికి రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి, రెండిళ్ళవాళ్ళూ వెనక్కి తెచ్చేశారు. మొదటివాళ్ళు వారం ఉంచుకున్నారు. రెండోవాళ్ళు మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. సోఫా తినేశాడట.

“మూడోసారి కూడా తిరిగొస్తే?” అనడిగింది లోర్నా.

గ్లెనిస్ తాడు సర్దుకుంటున్నట్టు నటించింది. “సిటీలో కుక్కల కొట్టం కిక్కిరిసిపోయుంది. ఇంత పెద్దవాడు, మూడుసార్లు వెనక్కొచ్చినవాడు...” అని అక్కడికి ఆపేసింది. అక్కడ చోటు చాలని కుక్కలకు ప్రాణం తీసే సూది వేస్తారని లోర్నాకు తెలుసు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పదహారు నెలలు ఎదురుచూశాక లోర్నాకు మోకాలి ఆపరేషన్ తేదీ వచ్చింది. ఆగస్టు పన్నెండు, సోమవారం. ఆ తరవాత ఆరు వారాలు చేతికర్రలు. కుక్క తాడు మాట అటుంచి, టీ కప్పు పట్టుకుని గదిలోంచి గదిలోకి నడవడం కూడా కుదరదు. అంటే నాలుగు వారాల్లో బటన్‌కు ఇల్లు దొరికి తీరాలి. లోర్నా వేళ్ళు మడిచి వారాలు లెక్కపెట్టుకుంది.

“సరే, లోపలికి తీసుకురా. ముందు బూట్లు విప్పు. నువ్వు, వాడు కాదు.”

మొదటి వారంలో లోర్నాకు తన నోటి మీద తనకే నమ్మకం పోయింది. కూర్చోమంటే నిలబడ్డాడు, రమ్మంటే పోయాడు, వద్దంటే తిన్నాడు. పోయిన మొగుడు డెస్ తాలూకు ఉన్ని చెప్పుల్లో ఎడమది తిన్నాడు. టీవీ రిమోట్ తిన్నాడు. శిక్షణ పుస్తకంలో చెప్పినట్టు జున్నుముక్క చూపించి కూర్చోమంటే, జున్ను తిని, జున్ను సంచీ తిని, పుస్తకం అట్ట కూడా తిన్నాడు. ఫ్రిజ్ తలుపు తీయడం మాత్రం ఒక్కసారి చూసి నేర్చుకున్నాడు. ఇక వీధిలోకి వెళ్తే ఆమె వాణ్ణి నడిపించింది లేదు, వాడే ఆమెను ఈడ్చుకుపోయాడు. అసలే మోకాలు, పైన ఈ ఈడ్పు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రెండోరోజు ఏదో పిట్టను చూసి వాడు లంఘిస్తే ఆమె రోడ్డు పక్క గడ్డిలో చతికిలబడింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెర తొలగించి చూశారు.

“చూసింది చాలు, పోయి టీ పెట్టుకోండి,” అని కూర్చున్నచోటు నుంచే కేకేసింది లోర్నా.

ఎనిమిదో రోజున బటన్ ముక్కుతో గేటు గడియ లేపేశాడు. లోర్నా తీగ మీద దుప్పటి ఆరేస్తూ తలెత్తేసరికి వాడు కాలిబాట మీద పరుగెత్తుతున్నాడు, అవతల పాల ట్యాంకరు వస్తోంది. ఆమె ఆలోచించలేదు. ఇరవయ్యారేళ్ళ అలవాటు గొంతులోంచి దానంతటదే తన్నుకొచ్చింది.

“ఏయ్. గీత వెనక్కి.”

బటన్ ముందుకాళ్ళు రోడ్డు అంచున ఆగిపోయాయి. ట్యాంకరు వాడి మూతి ముందు నుంచే వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి ఆమె మొహం కేసి చూశాడు. ఆ ఇంటికొచ్చాక వాడు మనిషి మొహం చూడటం అదే మొదలు. లోర్నా గేటు పట్టుకుని నిలబడింది.

అప్పుడర్థమైంది ఆమెకు. కుక్కలకు పాఠం చెప్పడం తనకు రాదు. అయిదేళ్ళ పిల్లలకు చెప్పడం వచ్చు. కొత్త సంచీ వీపున తగిలించుకుని, ఎటు చూస్తున్నాడో తెలియకుండా రోడ్డు మీదికి ఉరికేవాడు ప్రతి ఏడాదీ బళ్ళో ఒకడుంటాడు. వీడూ అలాంటివాడే, కాకపోతే నాలుగు కాళ్ళు. వంటింటి సొరుగులో కొవ్వొత్తుల మధ్య పడున్న ఈల తీసి, కొంగున తుడిచే అలవాటు లేని దేశం కాబట్టి చొక్కా అంచున తుడిచి, మళ్ళీ మెడలో వేసుకుంది.

బడి ముందు ఆమె నేర్పిన సూత్రం ఒక్కటే. అంచున నిలబడు. రెండు ఈలలు వినబడేదాకా కాలు కదపకు. ఒక్క ఈలకు కదిలావంటే వీపు చీరేస్తా. రెండూ వినబడ్డాయా, అటూఇటూ చూడకుండా ఈల ఊదినవాళ్ళ దగ్గరికి తిన్నగా వచ్చెయ్. గేటు దగ్గర అదే సూత్రం, వంటింటి గుమ్మం దగ్గర అదే, కారు దగ్గర అదే, గిన్నెలో మాంసం పెట్టినప్పుడూ అదే. రెండు వారాల్లో బటన్ నేర్చేసుకున్నాడు. గిన్నె ముందు చొంగ కారుస్తూ, ఒళ్ళంతా వణికించుకుంటూ నిలబడేవాడు, పీప్, పీప్ అనేదాకా ముట్టేవాడు కాదు. కూర్చోవడం మాత్రం రాలేదు. దాని అవసరం లోర్నాకు కనబడలేదు.

“బాగానే ఉంది గానీ, ఎవరింట్లో ఈల ఉంటుందే?” అంది గ్లెనిస్ అది చూసి.

“కొనుక్కుంటారు. నాలుగు డాలర్లు.”

“నాలుగు మాటలు కూడా నేర్పు. వీణ్ణి పెంచుకోబోయేది మనుషులు, రోడ్డు కాదు.”

“నువ్వు ఫోన్లెత్తుకో పో. పిల్లల్ని పెంచడం నాకు చెప్పకు.”

ఆ ఈల విషయంలో లోర్నాది మహా పట్టుదల. పనిలో చేరిన ఏడాది ఒకసారి తొందరపడి రెండో ఈల ఊదేసింది. ఎర్రకారువాడు ఆగలేదు. రోడ్డు దాటుతున్న పిల్లకేం కాలేదు, కానీ చేతిలోంచి జారిన తిండి డబ్బా టైరు కింద అప్పచ్చి అయింది. ఆ డబ్బాను తలచుకుని లోర్నా మూడు రోజులు ముద్ద మింగలేకపోయింది. అప్పటినుంచీ ఆమె మనసులో ఒకటే మాట. తన ఈల విని కదిలినవాడికి ఏం జరిగినా ఆ పాపం తనదే.

ఆగస్టు పదో తేదీ శనివారం నాడు బటన్‌ను చూడటానికి ఒక జంట వస్తామన్నారు. మార్టిన్, జసింటా. గంటన్నర దూరంలో ఇల్లు, చుట్టూ ఎత్తైన కంచె, మూడేళ్ళ కూతురు. ఇంటికి వస్తామంటే, “ఇంటికొద్దు, ఫుటీ గ్రౌండుకి రండి,” అంది లోర్నా. ఫుటీ అంటే జట్టుకు పద్దెనిమిదిమంది ఆడే అక్కడి ఫుట్‌బాల్, ఆవేళ క్లబ్బు క్యాంటీన్లో వండి అమ్మే వంతు ఆమెది. బారింగల్‌లో సొంతవాళ్ళ పెళ్ళి ఎగ్గొట్టినా క్షమిస్తారు, క్యాంటీన్ వంతు ఎగ్గొడితే మళ్ళీ మొహం చూపించలేరు.

అదే ఆమె చేసిన పొరపాటు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ ఆట చూస్తున్న మనిషి, అంపైరు మెడలో ఏముంటుందో ఒక్కసారి కూడా తలచుకోలేదు. తలచుకోకపోవడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో అంపైరు ఈలను ఎవరూ పట్టించుకోరు. అంపైరన్నవాడు ఉన్నది తిట్టడానికే. ఇప్పుడు వాళ్ళు వేసుకునేది ఆకుపచ్చ చొక్కాయే అయినా, తెల్లచొక్కాల కాలం నాటి ‘తెల్లపురుగు’ అనే తిట్టు అలాగే ఉండిపోయింది.

మొదటి సగం చక్కగా జరిగింది. మైదానంలో ఈలలు మోగుతున్నా అన్నీ ఒక్కొక్కటే. మోగినప్పుడల్లా బటన్ చెవులు రిక్కించడం లోర్నా చూసింది కానీ, పొయ్యిలో కాలుతున్న, కజ్జికాయలా మాంసం కూరిన ‘పై’ల వాసనకు అనుకుంది. వచ్చిన జంట ఎదుట వాడు క్యాంటీన్ గుమ్మంలో బొమ్మలా నిలబడ్డాడు. జనం వాడి మీంచి పైలు పట్టుకెళ్తున్నా మూతి కదపలేదు.

“మా పిల్ల కూడా ఇంత బుద్ధిగా ఉండదండీ,” అంది జసింటా. మార్టిన్ తాడు చేతికి తీసుకున్నాడు. బటన్‌తో కలిసి ముగ్గురూ మైదానం చుట్టూ ఉన్న ఇనుప రెయిలింగు దాకా నడిచి వెళ్ళారు. లోర్నా లోపల ఉల్లిపాయలు కోస్తూ తనలో తనే నవ్వుకుంది.

నాలుగు పావుల ఆటలో మూడో పావులో ఇద్దరు ఆటగాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. పదిమంది పోగయ్యారు. అంపైరు ఈల ఊదాడు, ఎవడూ వినలేదు. మళ్ళీ ఊదాడు.

పీప్, పీప్.

బటన్ రెయిలింగు కింద నుంచి దూరి వెళ్ళిపోయాడు. తాడు వదలని పాపానికి మార్టిన్ రెయిలింగుకు గుద్దుకున్నాడు, అరచేతి చర్మం లేచిపోయింది. బటన్ అటూఇటూ చూడలేదు. కొట్టుకుంటున్న గుంపు మధ్య నుంచి తిన్నగా దూసుకుపోయాడు, మగాళ్ళు కకావికలయ్యారు. పోయి అంపైరు ముందు నిలబడి, తలెత్తి, మొహం కేసి చూశాడు. ఆట చూడటానికి మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి.

“వాడికో చొక్కా తొడగండ్రా, మనవాళ్ళ కన్నా నయం,” అని అరిచారెవరో.

లోర్నా ఏప్రన్‌తోనే కుంటుకుంటూ మైదానంలోకి వెళ్ళింది. రెండు చేతుల్లోనూ ఉల్లిపాయ వాసన.

“స్టాప్ బోర్డు ఏదే లోర్నా?” అని ఒక కారులోంచి వెటకారం. ఆమె ఇచ్చిన జవాబు అచ్చు వెయ్యదగ్గది కాదు.

అంపైరును దగ్గరికెళ్ళాక గుర్తుపట్టింది. కోలిన్ ట్రెగియర్. మూడో తరగతిలో నడిరోడ్డు మీద కూర్చుని బూటు లేసు కట్టుకున్న ఘనుడు. ఇప్పుడు ముప్పయ్యయిదేళ్ళవాడు. వారమంతా పొలాలకు కంచెలు వేస్తాడు, శనివారం తిట్లు తింటాడు.

“కాస్త పక్కకు తీసుకెళ్ళండి మిసెస్ కే. ఆట మొదలెట్టాలి,” అన్నాడు తాడు చేతికిస్తూ. కినేన్‌ను ‘కే’గా కుదించిన చిన్నప్పటి పిలుపు ఇంకా పోలేదు.

రెయిలింగు దగ్గర జసింటా మొగుడి చేతికి రుమాలు చుడుతోంది. “చాలా మంచివాడండీ. మేం ఇంటికెళ్ళి ఒకసారి ఆలోచించుకుంటాం,” అంది. ఆ ప్రాంతంలో ‘ఆలోచించుకుంటాం’ అంటే ఆలోచించడం అయిపోయిందని. లోర్నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళు.

“మీ తప్పేం లేదమ్మా. చెయ్యి కడిగి మందు రాయి,” అని దారిలో తినడానికి రెండు పైలు కాగితంలో చుట్టిచ్చింది.

వాళ్ళ కారు వెళ్ళిపోయాక క్యాంటీన్ వెనక ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఉల్లిపాయల మీదికి నెట్టేసింది. గ్లెనిస్ పరుగెత్తుకొచ్చేసరికి ఒక నిర్ణయానికి కూడా వచ్చేసింది.

“సోమవారం నేను వెళ్ళట్లేదు.”

“ఎక్కడికి?”

“ఆస్పత్రికి. పొద్దున్నే ఫోన్ చేసి తేదీ వదిలేస్తా.”

“మతుండే మాట్లాడుతున్నావా? పదహారు నెలలు కాచుకున్నావే. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ ఎప్పుడిస్తారో ఏమో. రాత్రుళ్ళు నిద్ర కూడా పోవట్లేదు నువ్వు.”

“వాడు నా ఈల నేర్చుకుని పోయాడే గ్లెనిస్. వాడి ఇల్లు పోగొట్టింది వాడు కాదు, నేను. వాణ్ణి ఆ కొట్టానికి పంపించి, నేను పోయి కొత్త మోకాలు పెట్టించుకోనా?”

నీకు ముందే చెప్పాను అని గ్లెనిస్ ఒక్కసారి అన్నా లోర్నా పడేదే. కానీ ఆమె అనలేదు. పక్కనే బస్తా అంచున కూర్చుంది.

బారింగల్ నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఆట అయ్యాక అంపైర్లకు క్యాంటీన్లో ఉచితంగా ఒక పై, ఒక టీ ఇవ్వడం ఆనవాయితీ. ఊరు ఓడిన రోజున వాళ్ళతో ఎవరూ మాట్లాడకపోవడమూ ఆనవాయితీయే. కోలిన్ ఒక్కడే వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. లోర్నా ఒక మాంసం పై అతని ముందుకు నెట్టింది.

“సాస్ లేదా మిసెస్ కే?”

“గెలిచిన రోజున ఉంటుంది.”

అతను సాస్ లేకుండానే తినడం మొదలుపెట్టాడు. బల్ల అవతల బటన్ అతని చెయ్యి కదిలినవైపల్లా తల తిప్పుతున్నాడు.

“మా కుక్క మీద రిపోర్టు రాస్తావేంటి?” అంది లోర్నా కటువుగా.

“రాద్దామనే ఉంది. పన్నెండేళ్ళుగా ఈల ఊదుతున్నా. గ్రౌండులో ముప్పయ్యారుమంది ఉంటారు. ఊదగానే వచ్చి నా ముందు నిలబడ్డది ఇవాళ వీడొక్కడే. ఆ సంగతి రాయాలి.” మరో ముక్క కొరికి అడిగాడు. “ఎవరిదీ కుక్క?”

“ఎవరిదీ కాదు.”

కోలిన్ నమలడం ఆపాడు. “ఎవరిదీ కాకపోవడమేంటి?”

లోర్నా చెప్పేసింది. షెడ్డు, గొలుసు, రెండిళ్ళు, సోఫా, ఫ్రిజ్, డెస్ చెప్పు, ఇందాకటి జంట. ఏదీ దాచలేదు. దాచి అంటగడితే మర్నాడు పొద్దున్నే ఫోన్ వస్తుందని ఆమెకు బాగా తెలుసు.

“ఇక పారిపోతావనుకుంటా,” అంది చివరికి.

“ప్రతి శనివారం మూడొందలమంది నన్ను పురుగూ పురుగూ అంటారు. సోఫా తినేవాడికి జడుస్తానా? మా ఇంట్లో సోఫా ఎవరైనా తింటే మంచిదే, అంత పాతది.” కోలిన్ చేతులు దులుపుకున్నాడు. “పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక్కణ్ణే గుంతలు తవ్వుకుంటుంటా మిసెస్ కే. పలకరించే దిక్కుండదు. ట్రక్కులో నా పక్కన కూర్చుంటాడంటారా?”

“కూర్చోవడం రాదు. నిలబడతాడు.”

“నిలబడనివ్వండి.”

లోర్నా సాస్ సీసా తీసి అతని ముందు పెట్టింది.

గ్లెనిస్ కాగితాలతో ఊడిపడి అడగాల్సినవన్నీ అడిగింది. తీరా తేలిందేమిటంటే, జిల్లా అంతటికీ కంచెలు వేసే కోలిన్ సొంత ఇంటికి కంచె లేదు. “కంచె లేనిదే కుక్కనివ్వం. కొలిచి చూశాకే సంతకం,” అంది గ్లెనిస్. కానీ ఆదివారం తెల్లారేసరికి కోలిన్ స్తంభాలు పాతుతున్నాడట. ముందురోజు చొక్కాలు పట్టుకున్న ఆటగాళ్ళిద్దరూ కూడా పారలేసుకుని వచ్చారట, తమ మీద రిపోర్టు రాయకుండా ఉంటాడేమోనన్న ఆశతో. పనంతా చేయించుకుని రిపోర్టు కూడా రాశాడు. మధ్యాహ్నం మూడింటికి గ్లెనిస్ టేపు పెట్టి కొలిచి సరేనంది. నాలుగింటికి బటన్ కోలిన్ ట్రక్కు ఎక్కాడు, నిలబడే. లోర్నా డెస్ కుడి చెప్పు కూడా వాడితోపాటు ఇచ్చి పంపింది.

ఇల్లు ఖాళీ అయింది. ఆమె నేల తుడిచింది, ఆస్పత్రి సంచీ సర్దింది, ఫోన్ దగ్గర కూర్చుంది. మోగలేదు. మోగకపోతే సంతోషించాలి కదా, అయినా మనసు కుదుటపడలేదు. సోఫావాళ్ళు కూడా మొదటిరోజు ఫోన్ చెయ్యలేదు. చేసింది మర్నాడు పొద్దున.

సోమవారం గ్లెనిస్ ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. లోర్నాకు వెనక కట్టుకునే గౌను తొడిగారు, మోకాలి మీద పెన్నుతో బాణం గుర్తు వేశారు. చక్రాల మంచం ఎక్కించి, “ఫోన్ ఇచ్చేయండమ్మా, దాచిపెడతా,” అని నర్సు చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడు మోగింది. తెర మీద కోలిన్ పేరు.

“తిరిగి తెస్తున్నావా?” అంది ఎత్తగానే.

“ఏంటి? లేదు లేదు మిసెస్ కే. ఆపరేషన్ అని తెలుసు, ఒక్క నిమిషం. వీడు నా మంచం మీద ఉన్నాడు. రాత్రి ఎక్కాడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా వాడే. నేను సోఫాలో పడుకున్నా. దింపాలంటే ఏమనాలి?”

“నీకు దింపాలని ఉందా?”

అవతల ఎవరో గురక పెడుతున్న శబ్దం వినబడింది.

“లేదనుకోండి,” అన్నాడు కోలిన్. “ఊరికే, తెలుసుకుని ఉంటే మంచిదని.”

“నాకూ తెలియదు అబ్బాయ్. ఇంకో మంచం కొనుక్కో.”

ఫోన్ నర్సు చేతిలో పెట్టి వెనక్కి వాలింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. నర్సు వంగి ఆమె భుజం తట్టింది.

“భయపడకండమ్మా. గంటన్నరలో అయిపోతుంది.”

“భయమా?” అంది లోర్నా. “నెల రోజుల్లో నాకు భయం లేనిది ఇవాళే. పద, తోసుకెళ్ళు.”